సంతకానికి అర్హత

మొన్నామధ్య తాండూరులో మా చెల్లెలి మనవడికి పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారంటే వెళదామని బయలుదేరి, వికారాబాద్ స్టేషన్‌లో ప్యాసింజరు బండి కోసం కూర్చున్నాను. బండి ఆలస్యమని మైకులో చెప్పారు. మోకాళ్ళ నొప్పులున్న వయసులో ప్లాట్‌ఫారం మీద నీడలో ఒక ఖాళీ బెంచీ దొరకడమే భాగ్యం కనుక, ఆలస్యం గురించి నేను పెద్దగా నొచ్చుకోలేదు. ఎదురుగా, బండ్లు అంతగా రాని చివరి పట్టాల మీద నారింజరంగు కోట్లు తొడుక్కున్న కొందరు ఒక చిన్న తోపుడు బండిని మెల్లగా తోసుకుంటూ వస్తున్నారు. ఆ బండికి ఒక నీళ్ళ డబ్బా, దాని అడుగు నుంచి పట్టా మీదికి సన్నగా జారుతున్న నీళ్ళు, పైన ఒక చిన్న తెర. ఆ తెర మీదినుంచి కళ్ళు తిప్పకుండా నడుస్తున్నది ఒక అమ్మాయి.

చూడగానే నాకు తెలిసిపోయింది. ఉక్కు లోపల, పైకి కనిపించని పగుళ్ళు ఉన్నాయేమోనని శబ్దాన్ని లోపలికి పంపి వెదుకుతున్నారు. మన చెవికి అందని శబ్దమది. మధ్యలో గాలి పొర ఉంటే ఉక్కులోకి దిగదు, అందుకే ఆ తడి. నేను లేచి ప్లాట్‌ఫారం అంచుదాకా వెళ్ళి, ఆ పిల్ల దగ్గరికి రాగానే ఉండబట్టలేక అడిగాను.

“ఏమన్న దొరికిందా బిడ్డా?”

“ఇంకా లేదమ్మా,” అన్నది తల ఎత్తకుండానే.

“లెవెల్ టూ ఉందా నీకు?”

అప్పుడు తల ఎత్తింది. “ఉందమ్మా, పోయినేడే అయింది. మీకెట్ల ఎరుక?”

“నాక్కూడ ఉండె,” అన్నాను.

ఆ అమ్మాయి ఇంకేదో అడగబోయేలోపు పక్కవాళ్ళు పిలిచారు, నా బండీ వచ్చేసింది. కిటికీ పక్కన కూర్చుని తాండూరు చేరేదాకా నేను ఈ కాలంలో లేను. నా ఈడువాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు. మనకు ప్రయాణమంటే ఇప్పుడు సగం వెనక్కే కదా.

మాది మర్పల్లి దగ్గర వ్యవసాయ కుటుంబం. కందులు, జొన్నలు, రెండు బర్రెలు, ఎప్పుడూ ఏదో ఒక పని. ఆడపిల్లల చదువు మీద మా నాన్నకు గొప్ప అభిప్రాయాలూ లేవు, చెడ్డ అభిప్రాయాలూ లేవు. చదువుతానన్నంత వరకు చదవనిచ్చాడు, వికారాబాద్ కాలేజీలో సీటు వస్తే అక్కడికీ పంపాడు. అలా కెమిస్ట్రీతో డిగ్రీ పూర్తయింది. ఆపైన పెళ్ళయి తాండూరు వచ్చాను. మా ఆయనకు నాపరాళ్ళ కార్ఖానా ఉండేది. గనుల నుంచి వచ్చిన బండలను కోసి, నున్నగా చేసి, లారీలకెత్తి పంపేవాళ్ళు. ఆ రోజుల్లో ఏ ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా కాళ్ళ కింద మా తాండూరు బండలే ఉండేవి, వేసవిలో వాటి మీద చాప లేకుండా పడుకుంటే ఎంత చల్లగా ఉండేదో ఈ కాలపు టైల్సు మీద పెరిగిన పిల్లలకు చెప్పినా అర్థం కాదు.

పెళ్ళయిన రెండో ఏడు ఊరి బయట సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో కాంట్రాక్టు మీద మనుషులను తీసుకుంటున్నారని తెలిసి వెళ్ళాను. కెమిస్ట్రీ చదివిన ఆడమనిషి వాళ్ళకు వింత. అయినా తీసుకున్నారు. సిమెంటుతో చిన్న చిన్న దిమ్మెలు పోసి, నీళ్ళలో నానబెట్టి, గడువు నిండాక యంత్రం కింద పెట్టి, ఎంత బరువు దాకా ఓర్చుకుంటాయో చూడడం నా పని. కొంతకాలం గడిచాక దిమ్మె పగలబోయే ముందు చేసే సన్నని చప్పుడును బట్టే అది నిలుస్తుందా లేదా అన్నది నాకు తెలిసిపోయేది. అయితే తెలియడం వేరు, చెప్పడం వేరు. నేను చూసినదాన్ని ఆఫీసరుకు చెప్పేదాన్ని, ఆయన రాసుకుని సంతకం పెట్టేవాడు. అందులో నాకు తప్పేమీ కనిపించలేదు. లోకమంతా అలాగే నడుస్తుందనుకునేదాన్ని.

ఏడాదికోసారి ఫ్యాక్టరీని కొన్నాళ్ళు ఆపేవాళ్ళు. సున్నపురాయిని కాల్చే కిల్న్ అనే పెద్ద ఉక్కు గొట్టం ఉంటుంది, పడుకోబెట్టిన గోపురంలాగా, మూడు రైలు పెట్టెలంత పొడుగు. అది రాత్రింబవళ్ళు రోలర్ల మీద తిరుగుతూనే ఉంటుంది కనుక, ఏడాదికోసారి చల్లబరిచి అతుకులూ, రోలర్లూ, వాటిని మోసే ఇరుసుల్లాంటి షాఫ్టులూ పరీక్షించాలి. ఆ పని కోసం కర్ణాటక సరిహద్దు అవతలి నుంచి, సేడం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని కన్నడం సారు అనేవాళ్ళు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, భుజాన తోలుసంచీ, అందులో ఆకుపచ్చ గీత కదిలే తెర ఉన్న పరికరం. ఒక ఏడు ఆయన వెంట వచ్చే మనిషికి జ్వరం రావడంతో, కొలతలు రాసుకోవడానికి ఎవరినైనా ఇవ్వమని ల్యాబుకు కబురు పెట్టాడు. అక్షరాలు గుండ్రంగా రాస్తానని నన్ను పంపారు.

నేను రాయడానికే వెళ్ళాను కానీ కళ్ళు తెర మీదికే పోయేవి. ఎడమ చివర ఒక గీత లేస్తుంది, అది శబ్దం బయలుదేరిన చోటు. కుడి చివర ఇంకొకటి, అది అవతలి గోడను తాకి తిరిగొచ్చిన శబ్దం. ఆ రెండింటి నడుమ ఏమీ లేవకూడదు. లేస్తే లోపల ఏదో ఉన్నట్టు. సారు ఒక్కొక్క చోట గ్రీజు రాసి, తెరకు తీగతో తగిలించిన అగ్గిపెట్టెంత ముక్కను ఉక్కు మీద ఆనించి, మణికట్టుతో కొంచెం కొంచెంగా తిప్పుతూ జరిపేవాడు. రెండో రోజు ఒక అతుకు మీద ఆయన చెయ్యి ముందుకు సాగిపోతుండగా, నడుమ సన్నని గీత ఒకటి లేచి పడినట్టు నాకనిపించింది. మొహమాటపడుతూనే ఆ మాట చెప్పాను. ఆయన విసుక్కోలేదు. చెయ్యి వెనక్కి తెచ్చి, మళ్ళీ మళ్ళీ చూశాడు. అతుకు లోపల సరిగ్గా అతకని చోటు ఒకటి ఉంది. దాన్ని తవ్వి మళ్ళీ వెల్డింగు చేయించారు.

సాయంత్రం కాగితం మీద వివరాలు రాయించి, కింద సంతకం పెట్టబోతూ ఆయన ఆగిపోయాడు.

“నోడమ్మా,” అన్నాడు, చూడమ్మా అనడానికి ఆయన అలాగే అనేవాడు, “ఇది నీ కన్ను పట్టింది. ఇక్కడ నా పేరు పెడుతున్న. ఇది నాకు మంచిగ అనిపిస్తలేదు.”

“నా పేరెందుకు సార్,” అన్నాను.

“నీకు సర్టిఫికెట్ లేదు కాబట్టి నీ పేరు పెట్టరాదు. ఉంటే పెట్టొచ్చు. పరీక్ష రాయి నువ్వు. కన్ను నీదైతే పేరు కూడ నీదే ఉండాల.”

ఆ ఏడు పని ముగిసేదాకా ఆయన నాకు వీలున్నప్పుడల్లా నేర్పించాడు. నా చేతిని పట్టుకుని మణికట్టు ఎంత వదులుగా ఉంచాలో చూపించేవాడు. ఎక్కువ నొక్కితే నీకు నీ చెయ్యే తెలుస్తుంది, ఉక్కు తెలియదు అనేవాడు. హైదరాబాద్‌లో ఎక్కడ తరగతులు జరుగుతాయో, ఎవరిని కలవాలో, ఏ పుస్తకం చదవాలో అన్నీ చెప్పి వెళ్ళాడు. లెవెల్ వన్ అయితే ఇంకొకరు చెప్పినట్టు పరీక్షించవచ్చు, లెవెల్ టూ అయితే పరీక్షించి, ఇది పనికొస్తుంది, ఇది రాదు అని తీర్పు రాసి మన పేరుతో సంతకం పెట్టవచ్చు. నాకు లెవెల్ టూ కావాలని ఆ రోజే అనుకున్నాను.

ఇంట్లో చెప్పడమే కష్టమయింది. అప్పటికి మా అమ్మాయి ఇంకా నడక కూడా సరిగ్గా రాని పిల్ల. మా ఆయన మంచివాడే, కానీ ఈ మాట వినగానే ఆయన ముఖం ముడుచుకుంది.

“రోజూ హైద్రాబాద్ పోయి రావాల్నా? పిల్ల ఉన్నది గద. ఉన్న నౌకరి మంచిగనే ఉన్నది, ఇదెందుకు పరేషాన్?”

పక్కన చేటలో కందిపప్పు ఏరుతూ కూర్చున్న మా అత్తమ్మ తల ఎత్తకుండానే మాట్లాడింది.

“పిల్లను నేను జూసుకుంట. పోనియ్యి దాన్ని.”

మా ఆయన ఇంకేదో అన్నాడు. అత్తమ్మ చేట పక్కన పెట్టింది. తర్వాత చెప్పిన మాటలు కొడుక్కి చెప్పిందో నాకు చెప్పిందో ఇప్పటికీ నాకు తెలియదు.

“మా తల్లిగారింట్ల ఉన్నప్పుడు కందులు మార్కెట్‌కు పోతే గింజ కొరికి ఎంత ఎండిందో నేనే చెప్పేదాన్ని. సేట్లు నా మాట మీదనే బ్యారం చేసేటోళ్ళు. పిల్ల చెప్పింది అని ఎవ్వరన్న అన్నరా? వాళ్ళన్న చెప్పిండు అనేటోళ్ళు. గీమెకన్న గీమె పేరు ఉండని.”

ఆవిడ ఎప్పుడూ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా నేను వినలేదు. మా ఆయన, పొద్దున బండికి స్టేషన్‌లో నేనే దించుతానన్నాడు. ఆ మాట మీద ఆయన ఎన్నేళ్ళు నిలబడ్డాడో తర్వాత చెబుతాను.

తరగతులు జరిగినన్నాళ్ళు ల్యాబులో జీతం లేని సెలవు పెట్టాను. తెల్లవారగానే తాండూరులో ఎక్కితే ఎండెక్కే వేళకు హైదరాబాద్‌లో దిగేదాన్ని. పాల క్యాన్ల వాళ్ళు, కూరగాయల గంపలవాళ్ళు, కోర్టు పనులకు పోయేవాళ్ళు, వికారాబాద్‌లో సీతాఫలాల బుట్టలతో ఎక్కే ఆడవాళ్ళు, వాళ్ళందరి మధ్య ఇరుక్కుని పుస్తకం తెరిచేదాన్ని. సీతాఫలాల ఆవిడ ఒకామె నేను చదవడం చూసి, రోజూ తన పక్కన కాస్త చోటు ఆపి ఉంచేది, ఏం చదువుతున్నానని మాత్రం ఒక్కసారీ అడగలేదు. తరగతిలో అందరూ మగవాళ్ళే, ఎక్కువమంది నాకంటే చిన్నవాళ్ళు. ఫిజిక్సు నాకు ఇంటర్‌తోనే ఆగిపోయింది. శబ్దం ఉక్కులో ఎంత వేగంగా పోతుంది, ఏటవాలుగా పంపితే ఎటు మళ్ళుతుంది, ఇవన్నీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. ఇంటికి తిరిగొచ్చేసరికి పిల్ల అత్తమ్మ ఒళ్ళో నిద్రపోతుండేది, నా పళ్ళెం మీద మూత పెట్టి ఉండేది.

రాతపరీక్షలు గట్టెక్కాయి. చేత్తో చేసి చూపించే పరీక్షలో తప్పాను. లోపాలున్న ఉక్కుముక్క ఇచ్చి, ఎక్కడెక్కడ ఏముందో గీసి చూపమన్నారు. అందరికంటే ముందు ఇవ్వాలన్న ఆత్రంలో చెయ్యి బిగుసుకుపోయి, ఒకటి వదిలేశాను, లేనిది ఒకటి గీశాను. ఆ ఫలితం పట్టుకుని బండిలో కూర్చున్నప్పుడు శంకర్‌పల్లి దాటేదాకా కిటికీ వైపే ముఖం పెట్టుకున్నాను. ఇంటికి వచ్చి చెబితే అత్తమ్మ ఒకటే అడిగింది, మళ్ళీ పెడతారా లేదా అని. పెడతారన్నాను. అయితే అన్నం తిను అన్నది. కొన్ని నెలలకు మళ్ళీ వెళ్ళాను. ఈసారి అందరూ ఇచ్చేసి వెళ్ళిపోయినా నేను లేవలేదు, పరీక్ష పెట్టే ఆయన గడియారం చూసుకుంటున్నా లేవలేదు. పాసయ్యాను. సర్టిఫికెట్ వచ్చిన రోజు అత్తమ్మ దాన్ని తడి చేతులు చీరకు తుడుచుకుని పట్టుకుంది. అందులో నా పేరు ఎక్కడుందో చూపమంది. చూపిస్తే ఆ అక్షరాల మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచింది, ఆవిడకు చదువు రాదు.

ఇంత చేసి ఫ్యాక్టరీకి వెళితే అక్కడ ఏమీ మారలేదు. సర్టిఫికెట్ నకలు తీసుకుని ఫైల్లో పెట్టుకున్నారు, నన్ను మళ్ళీ దిమ్మెల దగ్గరికే పంపారు. అది అన్యాయమని నేను అనుకోలేదు కానీ, ఆ రెండేళ్ళు ఎండాకాలం వచ్చి ఫ్యాక్టరీ ఆపే రోజులు దగ్గరపడితే మనసు ఒకచోట ఉండేది కాదు. కన్నడం సారు వెంట రాసుకునే పని మాత్రం నాదే అయింది. ఆయన పరికరాన్ని నా చేతికిచ్చి తాను పక్కన నిలబడేవాడు. మూడో ఏడు ఆయన రాలేదు. కళ్ళకు శుక్లాలు వచ్చాయనీ, ఇక ఈ పని మానేశాననీ కబురు పంపాడు. బయట నుంచి ఇంకొకరిని పిలిపించే వ్యవధి లేదు. ఫ్యాక్టరీ పరికరం ఒకటి స్టోరులో మూలపడి ఉంది. ప్రొడక్షన్ మేనేజరు నా సర్టిఫికెట్ సంగతి అప్పుడు గుర్తు చేసుకుని నన్ను పిలిపించాడు.

అతుకులన్నీ బాగున్నాయి. రోలర్లు బాగున్నాయి. నడుమనున్న ఒక రోలరు షాఫ్టు మీద, చివర నుంచి చూస్తుంటే, లోపల ఒకచోట గీత లేచింది. షాఫ్టు లావు మారే చోట మెట్టులాగా ఉంటుంది, అక్కడ ఎప్పుడూ ఒక గీత లేస్తుంది. కన్నడం సారు పాత కాగితాల్లోనూ అది ఉంది. కానీ మెట్టు గీత షాఫ్టు చుట్టూ ఒకే ఎత్తున ఉండాలి. ఇది ఒకవైపు లేస్తున్నది, అవతలివైపు పడిపోతున్నది. గ్రీజు తుడిచి మళ్ళీ రాసి చూశాను. జోడీ రోలరు షాఫ్టు చూశాను, అక్కడ చుట్టూ ఒకే తీరుగా ఉంది. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళకుండా మళ్ళీ చూశాను. ఆ తర్వాత వెళ్ళి మేనేజరుకు చెప్పాను.

ఆయన చెడ్డవాడు కాదు. ఎల్లుండి ఫ్యాక్టరీ మొదలుపెట్టాలని పైనుంచి గంటకోసారి ఫోన్లు వస్తున్న మనిషి.

“అది మెట్టు గీతనే కదమ్మా. ప్రతి ఏడు వస్తది.”

“వస్తది సార్. అప్పుడు చుట్టూ ఒక్క తీరుగ ఉండె. ఇప్పుడు ఒక్క పక్కనే లేస్తుంది.”

“నువ్వు మొదటిసారి చేస్తున్నవు. చెయ్యి అటు ఇటు అయ్యుండొచ్చు గద.”

“అయ్యుండొచ్చు అనుకుని పొద్దటి నుంచి అదే చూస్తున్న సార్.”

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. “షాఫ్ట్ మార్చాలంటే ఎన్ని రోజులు ఆగాల్నో నీకు తెలుసా? పైనోళ్ళు అడిగితే నేనేం చెప్పాలె?”

“నేను సంతకం పెడతలేనని చెప్పండి సార్.”

నేను కాంట్రాక్టు మనిషిని, రేపటి నుంచి రావద్దంటే అడిగేవారు లేరు. ఆయన వేరేవాళ్ళ చేత పెట్టించుకోవచ్చు కూడా, కానీ ఆ రోజు ఫ్యాక్టరీ మొత్తంలో ఆ కాగితం కింద పేరు పెట్టే అర్హత నాకొక్కదానికే ఉంది. అది ఆయనకూ తెలుసు. ఆయన ఫోను దగ్గరికి లాక్కుని అన్నాడు, “కన్నడం సారును పిలిపిస్త. ఆయన సరే అంటే?”

“ఆయన చూసి మెట్టే అంటే నేను తప్పు ఒప్పుకుంట సార్,” అన్నాను.

మరునాడు జీపు పంపి ఆయన్ని తీసుకొచ్చారు. నల్లద్దాలు, పక్కన అల్లుడు. ఒక కంటికి ఆపరేషన్ అయి, కట్టు విప్పి ఇంకా వారమే అయింది, రెండోదానికి కాలేదు. మెట్లెక్కించి రోలరు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. నేను తెరను ఆయన ముందుకు జరిపాను. ఆయన ముఖం దగ్గరికి పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“నాకు పచ్చగ కనబడుతుంది, అంతే,” అన్నాడు. “నువ్వు చెయ్యి. చూసింది చెప్పు.”

నేను షాఫ్టు అంచు వెంట పరికరాన్ని జరుపుతూ, గీత ఎక్కడ లేస్తున్నదో, ఎక్కడ పడుతున్నదో చెబుతూ పోయాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. గ్రీజు మార్చి చూశావా అని అడిగాడు. జోడీ షాఫ్టు చూశావా అన్నాడు. మధ్యలో లేచి, నా చేతి మీద తన చెయ్యి పెట్టి, మణికట్టు వదులుగా ఉందో లేదో చూసుకున్నాడు. ఒక చుట్టు పూర్తయ్యాక మేనేజరు వైపు తిరిగాడు.

“సార్, నాకు తెర కనబడతలేదు. కనబడ్డా నా సర్టిఫికెట్ గడువు అయిపోయింది, నా మాట చెల్లదు. చెల్లే మాట ఈ అమ్మ నిన్ననే చెప్పింది.”

మేనేజరు వేరే షాఫ్టు కోసం ఎక్కడెక్కడికో ఫోన్లు చేయడానికి ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

వేరే షాఫ్టు వచ్చి, పాతది ఊడదీసిన రోజున, దాన్ని కింద చెక్క దిమ్మెల మీద పెట్టి తుడిచి, పగుళ్ళను పైకి చూపించే ఎర్రరంగు పూశాం. రంగు తుడిచేసి, పైన తెల్లపొడి చల్లితే, మెట్టు మూలన వెంట్రుకలా ఒక ఎర్రగీత మెల్లగా పైకి వచ్చింది, అది నేను చెప్పినవైపే, చుట్టుకొలతలో మూడో వంతు దాకా. మేనేజరు వంగి, ఆ గీత మీద బొటనవేలు ఆనించి చూశాడు. వేలికి అంటిన రంగును రుమాలుతో తుడుచుకున్నాడు. “చాయ్ తాగినవా అమ్మా?” అని అడిగాడు. లేదన్నాను. క్యాంటీన్‌కు మనిషిని పంపి ఇద్దరికీ తెప్పించాడు, ఆ షాఫ్టు పక్కనే నిలబడి తాగాం. అది విరిగి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. మా పనిలో ఉన్న చిత్రం అదే. బాగా చేస్తే ఏమీ జరగదు, జరగనిదాన్ని ఎవరికీ చూపించలేం.

ఆ తర్వాతి సంగతులు త్వరగా చెప్పవచ్చు. టైల్సు వచ్చి, గ్రానైటు వచ్చి, నాపరాళ్ళ గిరాకీ తగ్గిపోయింది. మా ఆయన కార్ఖానా మూతపడింది. దాదాపు అదే కాలంలో ల్యాబులోకి కొత్త యంత్రాలు వచ్చి, కాంట్రాక్టు మీద ఉన్న మమ్మల్ని చాలామందిని తీసేశారు. నాతోపాటు దిమ్మెలు పోసిన ఇద్దరు నా అంత పనిమంతులే, ఒక రకంగా నాకంటే మెరుగు కూడా. వాళ్ళకు చేతకావడం చేతకాకపోవడం అన్న ప్రశ్నే రాలేదు, గేటు బయట వాళ్ళ పనితనాన్ని నమ్మడానికి ఎవరికీ ఆధారం లేదు. నాకు ఉంది. అప్పటికే వేరే ఊరి ఫ్యాక్టరీకి మారిపోయిన ఆ మేనేజరే మొదట కబురు పెట్టాడు. అక్కడి నుంచి ఒకరు చెబితే ఒకరు, కర్ణాటకలో చక్కెర మిల్లుల బాయిలర్లు, వంతెనల దూలాలు, గ్యాసు ట్యాంకులు. వెల్డింగు తనిఖీకి ఇంకో సర్టిఫికెట్, ఎర్రరంగు పరీక్షకు ఇంకొకటి, ఒక్కొక్కదానికి వెళ్ళి పరీక్ష రాసి వచ్చాను. కొత్త ఊళ్ళో గేటు దగ్గర చీరకట్టుకున్న మనిషిని చూసి అనుమానంగా నిలబడిన వాళ్ళకు నేనేమీ వాదించి చెప్పేదాన్ని కాదు, సంచీలోంచి కాగితం తీసి ఇచ్చేదాన్ని.

మా ఆయన ఇంటిపట్టునే ఉండి అమ్మాయికి డబ్బా కట్టేవాడు, జడలు కూడా వేసేవాడు, మొదట్లో వంకరగా, తర్వాత నాకంటే నున్నగా. వీధిలో కొందరు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. నేను ఎప్పుడు ఏ ఊరు బయలుదేరినా స్కూటర్ మీద స్టేషన్‌లోనో బస్టాండులోనో దించి, బండి కదిలేదాకా ఉండి వెళ్ళేవాడు. చివరిసారి ఆయన అలా దించిన నాటికి స్కూటరూ ముసలిదైపోయింది, మేమూ అయిపోయాం.

సర్టిఫికెట్ వల్ల పని వస్తుందా అని ఇప్పటికీ చుట్టాల పిల్లలు అడుగుతుంటారు. పనితనం దానివల్ల రాదని వాళ్ళకు చెబుతాను. అది చెయ్యి పట్టుకుని నేర్పినవాళ్ళ వల్ల, తప్పి మళ్ళీ కూర్చోవడం వల్ల వస్తుంది. కానీ వచ్చిన పనితనానికి నలుగురిలో నిలబడే చోటు కావాలి కదా, ఆ చోటు మాత్రం నాకు ఆ కాగితమే ఇచ్చింది. దాన్ని ఇప్పించినవాళ్ళకు నేను సరిగ్గా కృతజ్ఞత చెప్పానో లేదో. కన్నడం సారు రెండో కన్నూ బాగుపడ్డాక ఒకసారి వాళ్ళ ఊరు వెళ్ళి కాళ్ళకు దండం పెట్టి వచ్చాను, జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టించి, తిన్నంతసేపూ బాయిలర్ల గురించే అడిగాడు. అత్తమ్మకు అదీ చెప్పలేదు. ఇంట్లోవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పుకునే అలవాటు మన తరానికి లేదు. ఆవిడ చివరి రోజుల్లో నేను చేసిన సేవలో ఆ సంగతి ఆవిడకు అర్థమయి ఉంటుందని అనుకుంటాను.

ఈ పనిలో ఉన్నవాళ్ళు ఏటా కళ్ళ పరీక్ష చేయించుకోవాలి. దగ్గరి చూపుకు ఇచ్చే సన్నని అక్షరాలు కొన్నేళ్ళ కిందట ఒకసారి అద్దాలు మార్చినా నాకు ఆనలేదు. డాక్టరు ఇంకోసారి ప్రయత్నించమన్నాడు, నేనే వద్దని లేచి వచ్చేశాను, అక్కడితో పని మానేశాను. ఇప్పుడు పరికరాలు లోపాన్ని రంగుల బొమ్మగా చూపిస్తాయట, చూసినదంతా తమలోనే దాచుకుంటాయట. మంచిదే, పొరపాట్లు తగ్గుతాయి, ఆడపిల్లలు చాలామంది వస్తున్నారు, వాళ్ళను గేటు దగ్గర ఎవరూ ఆపడం లేదు. నాకు వెలితిగా తోచేది ఒక్కటే. ఇవాళ పరీక్షించే పిల్లలు కంపెనీ పంపిన చోటికి వెళ్ళి, పని కాగానే ఇంకో ఊరికి వెళ్ళిపోతున్నారు. మేము అదే షాఫ్టు దగ్గరికి, అదే అతుకు దగ్గరికి ఏడాదికేడాది తిరిగి వెళ్ళేవాళ్ళం. పోయినేడు ఎలా ఉందో, ఈ ఏడు ఎలా ఉందో మాకు గుర్తుండేది, ఇంట్లో పెద్దవాళ్ళ ఆరోగ్యం గుర్తున్నట్టు.

పరీక్ష జరుగుతున్నంతసేపూ ఫిట్టర్లు, వెల్డర్లు, క్రేను నడిపే ఆయన, తమ చేతిలో పని ఆపి చుట్టూ నిలబడేవాళ్ళు. వాళ్ళ పని మంచిదో కాదో, ఆ ఏడంతా ఆ గొట్టం కింద వాళ్ళు నిర్భయంగా తిరగవచ్చో లేదో నా నోటి నుంచి వినాలని నిలబడేవాళ్ళు. ఇప్పుడా మాట ఫోనులో ఎక్కడికో వెళుతుంది, ఎవరో చదువుకుంటారు. ఆ మాటను నమ్ముకుని పనిచేసే మనుషుల ముఖం చూసి చెప్పే రోజులు నావి. అవి నాకు దక్కాయి.